విశ్రామానికీ విశ్రాంతికీ తేడా

ప్రయాణికులకు తెలియజేయునది ఏమనగా, స్టేషను ఎదురుగా ఉన్న ఆరంతస్తుల హోటలు ఇకమీదట ఒక హోటలు కాదు. అది ఆరు హోటళ్ళు. గోడలు, మెట్లు, లిఫ్టు, నీళ్ళ ట్యాంకు పాతవే. మారింది శ్రేణి మాత్రమే.

కంపెనీవారికి లోకమంతా కలిపి ఇరవై మూడు రకాల హోటళ్ళు ఉన్నాయి. ఇంత భవనాన్ని ఒకే రకానికి ధారపోయడం వృథా అని వారికి తోచింది. అందుచేత అంతస్తుకొక శ్రేణి చొప్పున పంచారు. మొదటి అంతస్తు అల్పవిరామం. రెండోది విరామం. మూడోది విశ్రామం. నాలుగోది విశ్రాంతి. అయిదోది ప్రశాంతి. పై అంతస్తు అత్యున్నత శ్రేణి కాబట్టి దానికి పూర్ణవిరామం అని పేరు పెట్టారు. ఆ బోర్డు చూసి ఒక వయసు మళ్ళిన దంపతులు లిఫ్టు దిగకుండానే కిందికి వెళ్ళిపోయిన మాట నిజమే. కొత్త పేరు జనానికి అలవాటు కావాలంటే కొంత కాలం పడుతుంది.

కింద హాల్లో ఆరు కౌంటర్లు వెలిశాయి. వాటి వెనక ఒకే ఒక అమ్మాయి, చక్రాలున్న ఆఫీసు కుర్చీలో. విశ్రామంవారు పిలిస్తే అటు దొర్లేది, ప్రశాంతివారు గంట కొడితే మెడలో రుమాలు మార్చుకుంటూ ఇటు దొర్లేది. ఒక పెద్దమనిషి పొరపాటున విరామం కౌంటరు ముందు నిలబడి ప్రశాంతి తాళం అడిగితే, "ఆ కౌంటరులో అడగండి సార్" అని వినయంగా చెప్పి, ఆయన కంటే ముందే ఆ కౌంటరుకు దొర్లుకుంటూ వెళ్ళి, ఆయన్ను కొత్తగా చూస్తున్నట్టు స్వాగతం పలికింది. ఆ నెల ఉత్తమ ఉద్యోగిని బహుమతి ఆమెకే వచ్చింది.

గదుల శుభ్రత అంతా పెద్దక్క చేతిలో ఉండేది. ఆమె చేతికింద ఇరవైనలుగురు ఆడవాళ్ళు, అంతస్తుకు నలుగురు. అందరినీ ఒక్కొక్కరుగా తీసుకొచ్చి, దుప్పటి మూల ఎలా మడవాలో చెయ్యి పట్టి నేర్పింది పెద్దక్కే. ఎవరి ఇంట్లో ఎంతమంది తినేవాళ్ళున్నారో ఆమెకు కంఠతా వచ్చు. అందుకే కొత్త శ్రేణుల వల్ల ఆమె తల ప్రాణం తోకకు వస్తున్నా పైకి అనేది కాదు. ఆరు శ్రేణులంటే ఆరు బృందాలు, ఆరు బృందాలంటే ఇరవైనాలుగు ఉద్యోగాలు.

తేడాలు నేర్పడానికి కేంద్ర కార్యాలయం నుంచి తారతమ్య నిపుణుడు దిగాడు. ఆయన మొదటి పాఠం చిరునవ్వు గురించి. అల్పవిరామంలో పెదవులు విప్పరాదు. విరామంలో రెండు పళ్ళు కనబడాలి, విశ్రామంలో నాలుగు, విశ్రాంతిలో ఆరు, ప్రశాంతిలో ఎనిమిది. పూర్ణవిరామంలో మళ్ళీ పెదవులు మూసుకోవాలి, కాని ఇది అల్పవిరామపు మూత కాదు, సంతృప్తితో కూడిన మూత. ముందుపళ్ళు రెండూ లేని ఒకావిడకు ఈ జన్మలో విరామం యోగం లేదని ఆ పూటే తేలిపోయింది. మరొకామెకు పళ్ళు కాస్త ఎత్తు, ఎంత బిగబట్టినా ఆరుకు తగ్గవు. ఆమెను వెంటనే నాలుగో అంతస్తుకు పంపి అభినందించారు.

రెండో పాఠం పదజాలం. కింది రెండు అంతస్తుల్లో దిండు. నడిమి రెండింటిలో తలగడ. పై రెండింటిలో ఉపధానం. మూడూ ఒకే దూది, ఒకే కుట్టు. ప్రశాంతిలో దిగిన ఒకాయన "ఉపధానం అంటే ఏమిటమ్మా?" అని అడిగితే, పనామె అటూ ఇటూ చూసి, "దిండేనండి. కానీ ఆ మాట ఇక్కడ అనకూడదు" అని చెవిలో చెప్పింది. సబ్బు ఒకటే, కాగితాలు ఆరు. దుప్పట్లన్నీ ఒకే యంత్రంలో, ఒకే నురగలో, శ్రేణీ గిణీ లేకుండా కలిసి గిరగిరా తిరిగేవి. బయటికి తీయగానే మళ్ళీ ఎవరి హోదా వారిది.

"అమ్మలారా!" అన్నాడు నిపుణుడు ఒకసారి, చేతిలో నీళ్ళ సీసా పైకెత్తి. "ఇందులో ఉన్నది ఏమిటి? నీళ్ళు అంటారు మీరు. కాదు! ఈ నీళ్ళనే ఆరు రకాల గ్లాసుల్లో పోయండి. ఇప్పుడవి ఆరు రకాల నీళ్ళు! నీళ్ళలో తేడా లేదు, నిజమే. తేడా గ్లాసులో ఉంది. నాగరికత అంటే అదే!"

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దక్క కూడా కొట్టింది. కొడుతూనే పక్కనున్న పానాతో, "ఎందులో పోసినా నీళ్ళు నీళ్ళే కదా, ఈయన చదువు తగలెయ్య" అంది. పానా గట్టిగా నవ్వాడు.

పానా అంటే హోటలు మరమ్మతుల మనిషి. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది కాబట్టి అసలు పేరు జనం మరిచిపోయారు, అతనూ అడిగితే కాస్త ఆలోచించి చెబుతాడు. పెద్దక్క ఇంటి వెనక వీధిలోనే కాపురం. ఆదివారాల్లో ఆమె వంటింటి కుళాయో, దొడ్లో పంపో చూసి, ఇన్ని మంచినీళ్ళు తాగి వెళ్తుంటాడు. ఇరవై ఏళ్ళ పరిచయం. పెద్దక్కను అక్కా అంటాడు, ఆమె కూడా సొంత మనిషిలాగే చూస్తుంది.

ఇలా ఏడేళ్ళు గడిచాక ఒకసారి ఛైర్మన్‌గారి బావమరిది ఒకాయన విశ్రామంలో దిగి, తాను విశ్రాంతిలో ఉన్నాననుకుని, మూడు రోజులు ఎంతో ఆనందంగా గడిపి వెళ్ళాడు. ఈ సంగతి వారింటి విందులో బయటపడింది. కంపెనీ పునాదులు కదిలాయి. పై వారం లోగా ఉత్తర్వు వచ్చింది. పాత ప్రయాణికులు పన్నెండుమందిని పిలిచి, కళ్ళకు గంతలు కట్టి, ఆరు అంతస్తుల్లోనూ ఏడో నంబరు గదికి తీసుకువెళ్ళవలెను. అది ఏ శ్రేణియో వారు చెప్పవలెను. చెప్పగలిగితే శ్రేణులు చిరస్థాయిగా ఉండును. చెప్పలేకపోతే ఆరూ కలిపి ఒకే అల్పవిరామం చేయబడును, గదుల శుభ్రతకు ఎనిమిదిమంది చాలును.

ఎనిమిది అన్న అంకెను పెద్దక్క రెండుసార్లు చదివింది. ఇరవైనలుగురి పేర్లూ ఒక కాగితం మీద రాసి, కొట్టేయవలసిన పదహారు ఏవా అని కలం పట్టుకుని కూర్చుంది. మొదటి పేరు దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఆవిడే ముందుపళ్ళు లేని ఆవిడ, ముగ్గురు పిల్లలు. పెద్దక్క కాగితం మడిచి జాకెట్లో దోపుకుని, కాసేపు ఎవరికీ కనబడకుండా దుప్పట్ల గదిలో ఏడ్చింది.

తర్వాత ముఖం కడుక్కుని బనియన్ల వ్యాపారి దగ్గరికి వెళ్ళింది. ఆయన నెలలో ఇరవై రోజులు ఈ హోటల్లోనే ఉంటాడు, ఏ గది ఖాళీగా ఉంటే ఆ గదిలో. పన్నెండుమందిలో ఆయన పేరు మొదటిది.

"అయ్యా, దాపరికం లేకుండా చెప్పండి. కళ్ళు మూసి తీసుకెళ్తే ఏ అంతస్తో గుర్తుపడతారా?"

ఆయన పకపకా నవ్వాడు. "ఎందుకు పట్టనమ్మా! ఇది కూడా ఒక పరీక్షేనా? అల్పవిరామంలో ఫ్యాను టిక్కు టిక్కు మంటుంది. విరామంలో బాత్రూము గడియ పడదు, బకెట్టు అడ్డం పెట్టుకోవాలి. విశ్రామంలో కుళాయి కారుతుంది. విశ్రాంతిలో తలుపు కిర్రుమంటుంది. ప్రశాంతిలో ఫ్లష్ నొక్కితే అరగంట గర్జిస్తుంది. పూర్ణవిరామంలో వేణ్ణీళ్ళ కుళాయిలో చన్నీళ్ళొస్తాయి. నిద్రలో అడిగినా చెబుతాను. మేమందరం అలాగే గుర్తుపెట్టుకుంటాం."

పెద్దక్కకు పోయిన ప్రాణం లేచివచ్చింది. నిజమే కదా! ఏ అంతస్తు సామాను ఆ అంతస్తుకు ఒకే మొత్తంగా కొన్నారు. ఏ అంతస్తు జబ్బు ఆ అంతస్తుదే. ఫిర్యాదుల పుస్తకాలు ఆరూ నిండిపోయాయి. వాషరు మార్చాలన్నా ఆ శ్రేణి కార్యాలయం వేరే దేశం నుంచి అనుమతించాలి కాబట్టి ఏళ్ళ తరబడి ఒక్కటీ బాగుపడలేదు. కంపెనీవారు కోట్ల కాగితాలు ఖర్చుపెట్టి వెతుకుతున్న తేడాలు కుళాయిల్లో కారుతూ, తలుపుల్లో కిర్రుమంటూ ఎదురుగానే ఉన్నాయి. ఆమె ఇంటికి వెళ్ళి కడుపునిండా తిని హాయిగా పడుకుంది.

పరీక్ష రోజు పొద్దున్న ఎనిమిదింటికి వచ్చేసరికి మెట్ల దగ్గర పానా ఎదురయ్యాడు. ఒళ్ళంతా గ్రీజు. ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

"అక్కా, ఒక్కసారి కళ్ళు మూసుకుని వినండి. ఏమైనా వినబడుతోందా?"

పెద్దక్క కళ్ళు మూసుకుని చెవులు రిక్కించింది. "లేదే."

"అదీ!" అన్నాడు పానా. చేతుల గ్రీజు చొక్కాకు తుడుచుకున్నాడు. అసలు సంగతి చెప్పుకొచ్చాడు. పరీక్ష కదా అని నిపుణుడుగారు ఏడేళ్ళుగా ఆగిపోయిన అనుమతులన్నీ ఒక్క సంతకంతో ఇచ్చేశారట. సామానంతా లారీలో వచ్చిందట. నాలుగు రోజులుగా తిండి కూడా నిలబడే తిని, ఆరంతస్తులూ బాగుచేశాడట. "ఒక్క చుక్క కారట్లేదక్కా. ఒక్క తలుపు కిర్రుమనట్లేదు. ఏ గదికెళ్ళినా ఒకటే. నా జన్మకిది చాలు!"

పెద్దక్క నెత్తి కొట్టుకుంది. "కొంప ముంచావు కదరా నాయనా!"

సంగతి విడమరిచి చెబుదామని చేయి పట్టుకునేసరికి లిఫ్టులోంచి తారతమ్య నిపుణుడు దిగాడు, కదలకుండా పక్కనే నిలబడ్డాడు. ఆయన ముందు కుళాయి కారాలి అనడానికి లేదు. మూడో అంతస్తు, నాలుగో అంతస్తు అనడానికీ లేదు. అంకెలు శ్రేణుల గౌరవానికి భంగం అని ఆయనే లిఫ్టులో మీటల మీద అంకెలు చెరిపించి పేర్లు రాయించాడు. పెద్దక్క గొంతు సవరించుకుంది.

"పానా, ప్రతి శ్రేణికీ దాని విశిష్టత దానికుండాలి. ఏడో నంబరు గదులు ఆరూ పదింటిలోపు పూర్వస్థితికి రావాలి. అల్పవిరామంలో ఫ్యాను, విరామంలో గడియ, విశ్రామంలో కుళాయి, విశ్రాంతిలో తలుపు, ప్రశాంతిలో ఫ్లష్, పూర్ణవిరామంలో వేణ్ణీళ్ళు. అర్థమైందా?"

"ఆహా!" అన్నాడు నిపుణుడు. "విశిష్టత! సరిగ్గా ఆ మాటే!"

పానాకు అర్థమైంది. ఇరవైనాలుగు కుటుంబాల మాట అతనికి విడిగా చెప్పనక్కర్లేదు. కళ్ళు తుడుచుకుని పానా తీసుకుని లిఫ్టెక్కాడు. పాపం, మనిషి బతుకంతా బాగుచేయడం నేర్చుకున్నాడు. చెడగొట్టడం కొత్త. చెడగొట్టడంలో కూడా పనితనం చూపించాలని తాపత్రయపడ్డాడు. ఫ్యానులో రేకుముక్క పెట్టి, పాత టిక్కుకు సరిపోయేదాకా మూడుసార్లు దిగి ఎక్కాడు. గడియను సుత్తితో కొట్టి వంచాడు. కొత్త వాషరు తీసేసి, చెత్తబుట్టలోంచి పాత అరిగిపోయిన వాషరు వెతికి తెచ్చి, కళ్ళకద్దుకుని బిగించాడు. మడతబందుల నూనె తుడిచి ఇసుక చల్లాడు. పదికి అయిదు నిమిషాలుండగా దిగివచ్చి, పెద్దక్క వైపు చూసి తల ఊపాడు.

పరీక్ష మొదలైంది. పన్నెండుమంది పెద్దమనుషులు కళ్ళకు తువ్వాళ్ళు కట్టుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, లిఫ్టులో ఆరుగురు చొప్పున బయల్దేరారు. ఛైర్మన్‌గారు వెనక. నిపుణుడు పుస్తకంతో. పెద్దక్క జాకెట్లో కాగితం తడుముకుంటూ చివర.

మొదటి గది. ఫ్యాను వేశారు. టిక్కు, టిక్కు. "అల్పవిరామం!" అన్నారు పన్నెండుమందీ ఒక్క గొంతుతో. రెండో గదిలో బనియన్ల వ్యాపారి బాత్రూములోకి వెళ్ళి గడియ వేయబోయి, "బకెట్టేదమ్మా?" అని అరిచాడు. "విరామం!" అన్నారు బయటున్నవాళ్ళు. ఛైర్మన్‌గారికి ఆనందబాష్పాలు వచ్చాయి.

మూడో గది తలుపు తీశారు. కిర్రు... మంది.

"విశ్రాంతి!" అన్నారు పన్నెండుమందీ.

పెద్దక్క బోర్డు వైపు చూసింది. అది విశ్రామం. పానా విశ్రామానికీ విశ్రాంతికీ తారుమారు చేశాడు. అతన్ని ఏమని అనగలం? ఆ రెంటికీ తేడా నిఘంటువు చూసినా దొరకదు. నాలుగో గది తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది, లోపల కుళాయి టప్పు టప్పుమని కారుతోంది. "విశ్రామం," అన్నారు వారు, సొంతింటికి వచ్చినట్టు. ప్రశాంతి గర్జించింది, సరిగ్గా చెప్పారు. పూర్ణవిరామంలో ఎర్రచుక్క కుళాయి కింద వేలు పెట్టి, "చల్లగా ఉంది, పూర్ణవిరామమే!" అని సంతోషించారు.

గంతలు విప్పాక, మూడో గది విశ్రాంతి కాదు, విశ్రామం అని నిపుణుడు వివరించాడు. ఎవరూ ఒప్పుకోలేదు. బోర్డు చూపించాడు. "బోర్డు తప్పు రాసుకున్నారు" అన్నాడు బనియన్ల వ్యాపారి. "ఏడేళ్ళుగా ఉంటున్నాం, మాకు తెలియదా? మా విశ్రాంతి ఇదే."

"ఎలా గుర్తుపట్టారో చెప్పగలరా?"

వ్యాపారి పెద్దక్క వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే బతిమాలింది. ఆయన గంభీరంగా, "ఏదో వినబడుతుందండీ. లోపలి నుంచి," అన్నాడు. నిపుణుడు పుస్తకంలో "అంతర్వాణి" అని రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

ఛైర్మన్‌గారు అక్కడే కుర్చీ ఎక్కి ఉపన్యసించారు. "సోదరులారా! ఒకరు పొరబడితే అది పొరపాటు. పన్నెండుమంది ఒకే విధంగా పొరబడితే అది సత్యం! ప్రయాణికుడే మనకు ప్రమాణం. మన భవనమే తప్పుగా కట్టబడింది. ఈ క్షణమే మూడో అంతస్తును నాలుగుగా, నాలుగును మూడుగా ప్రకటిస్తున్నాను!" భోజనాల వేళకు బోర్డులు మారిపోయాయి. లిఫ్టు మీటలు మారిపోయాయి. నాలుగు పళ్ళవాళ్ళు ఆరు పళ్ళకూ, ఆరు పళ్ళవాళ్ళు నాలుగుకూ దిద్దుకున్నారు. ఎత్తుపళ్ళామె మాత్రం నాలుగుకు దిగలేక, ఆరు పళ్ళతోనే పైనుంచి కిందికి బదిలీ అయింది. ఇప్పుడు విశ్రాంతి కంటే విశ్రామం ఎత్తులో ఉంటుంది, హోదాలో తక్కువ. ఇరవైనాలుగు ఉద్యోగాలూ నిలబడ్డాయి. పెద్దక్క దుప్పట్ల గదిలోకి వెళ్ళి కాగితం ముక్కలు ముక్కలుగా చించి పారేసింది. ఆడవాళ్ళంతా ఆమెను చుట్టుకుని, ఎవరు ఎన్ని పళ్ళు చూపించాలో మరిచిపోయి నవ్వారు.

వారం తిరగకుండా మిగతా గదుల నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. "విశ్రామం అని చెప్పి ఇచ్చారు, కుళాయి కారడం లేదు." "గడియ పడుతోంది, లోపలే ఇరుక్కుపోయాను, ఇది విరామమేనా?" ఒకాయన వేణ్ణీళ్ళ కుళాయిలో వేణ్ణీళ్ళు వచ్చి చెయ్యి కాల్చుకుని, తనను పూర్ణవిరామం అని మోసం చేసి చవక గదిలో దింపారని నానా యాగీ చేశాడు. కంపెనీ వెంటనే స్పందించింది. పానాకు విశిష్టతా సంరక్షకుడు అని హోదా ఇచ్చి, చొక్కాకు బిళ్ళ తగిలించింది. మీ కుళాయి కారకపోతే కింద కౌంటరుకు ఫోను చేయండి. పది నిమిషాల్లో మనిషి వచ్చి కారేలా చేస్తాడు.

ఆ ఆదివారం విశిష్టతా సంరక్షకుడు బిళ్ళతో సహా పెద్దక్క ఇంటికి వచ్చి, వంటింటి సింకు కింద దూరి, పైపు బిగించాడు. బయటికి వచ్చి వాకిట్లో మెట్టు మీద కూర్చుని, ఎప్పటిలాగే మంచినీళ్ళు అడిగాడు. పెద్దక్క చెంబుతో ముంచింది, కిటికీ దగ్గర బోర్లించి ఉన్న గ్లాసు తీసి, పోసి, తెచ్చి ఇచ్చింది. లోపల బీరువాలో పూల గాజు గ్లాసులు ఉన్నాయి, వియ్యంకులకు. అలమరలో తళతళలాడే స్టీలువి ఉన్నాయి, పక్కింటివాళ్ళకు, మరిదికి. అన్నిటికీ అదే బిందె.

"ఏం పానా, ఆ పన్నెండుమందికి కట్టినట్టు నీకూ కళ్ళకు గంతలు కడితే మా ఇల్లు గుర్తుపడతావా?" అంది హుషారుగా.

"ఇల్లేమో గానీ అక్కా, గ్లాసు గుర్తుపడతాను," అన్నాడు పానా, నవ్వుతూనే. "అంచుకు సొట్ట ఉంటుంది. పెదవికి తెలుస్తుంది."

పెద్దక్క నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "అయ్యో, అలాంటిదేం లేదు. చేతికి ఏదొస్తే అది ఇస్తాను."

"అవునక్కా. ఇరవై ఏళ్ళ నుంచీ చేతికి ఇదే వస్తోంది."

"ఇటియ్యి, ఆ సొట్ట తీయిస్తాను."

"వద్దులెండి," అన్నాడు పానా. నీళ్ళు తాగేసి, లేచి, గ్లాసు తనే కడిగాడు. "సొట్ట తీసేస్తే, తర్వాత నాది ఏదో మీకు తెలియొద్దూ?" గ్లాసు కిటికీ దగ్గర ఎప్పటి చోటే బోర్లించి, పానా తీసుకుని వెళ్ళిపోయాడు.

పాఠకులు ఇంతసేపు కంపెనీవారి తెలివికి నవ్వి నవ్వి అలసిపోయి ఉంటారు. లేచి వంటింట్లోకి వెళ్ళి కాసిని మంచినీళ్ళు తాగండి. కిటికీ దగ్గర విడిగా బోర్లించి ఉన్నది మాత్రం తీయకండి. అది మీ శ్రేణిది కాదు.